నురగ చల్లారని గిన్నె

గడ్డం గీసుకునే గిన్నె సంగతి మగవాళ్లది, మనకెందుకు అనుకుంటాం. నా మట్టుకు నాకు ఆ మాట సరికాదనిపిస్తుంది. ఇంట్లో ఏ గిన్నెలో వేడి ఎంతసేపు నిలుస్తుందో తెలిసిన మనిషి ఎవరు? పాలు ఏ గిన్నెలో కాస్తే అడుగంటుతాయో, పులుసు దేంట్లో పెడితే రాత్రి అన్నాల దాకా గోరువెచ్చగా ఉంటుందో, పెరుగు తోడేసిన గిన్నెని చలికాలంలో ఎక్కడ పెట్టాలో చెప్పగలిగేది మనమే కదా. ఆ తెలివంతా వంటగది గుమ్మం దగ్గరే ఆగిపోతుంది. బాత్రూంలో మాత్రం చెవి విరిగిన ప్లాస్టిక్ మగ్గో, ఎవరి పెళ్లిలోనో పంచిపెట్టిన సొట్టల స్టీలు గిన్నో ఉంటుంది. అందులో నురగ రెండు నిమిషాల్లో చల్లారిపోతుంది. చల్లారగానే పిలుపు వస్తుంది. ఆ పిలుపు ఎవరికి వస్తుందో మీకు చెప్పక్కర్లేదు.

మా పుట్టింటి వైపు వేన్నీళ్లు అంటారు, అత్తింట్లో ఉడుకు నీళ్లు అంటారు. ఏ పేరుతో అడిగినా తెచ్చేది ఒక్కరే.

కాబట్టి ఈ గిన్నె ఎంపిక మనం చేతిలోకి తీసుకుందాం అంటాను. దాంతోపాటు ఇంకో మాట కూడా అంటాను, అది చివర్లో చెబుతాను. ముందు గిన్నె సంగతి చూద్దాం.

మా పినపాక ఎండలకి పేరు పడ్డ ప్రాంతం. కొత్తగూడెం, మణుగూరు బొగ్గు గనుల పట్టీలో మే నెల గడపడం ఎలా ఉంటుందో ఇక్కడ కాపురం చేసినవాళ్లకే తెలుసు. కానీ చుట్టూ అడవి, ఒక పక్క గోదావరి ఉండటంతో డిసెంబరు, జనవరి పొద్దులు వేరే లోకంలా ఉంటాయి. తెల్లవారుజామున మంచు దిగి ఎదురిల్లు కూడా మసకగా కనిపిస్తుంది. ట్యాంకులో నీళ్లు వేలు పెడితే జివ్వుమంటాయి. మొదటి షిఫ్టుకి పోయేవాళ్లు, పొద్దున్నే బడులకీ ఆఫీసులకీ బండెక్కేవాళ్లు ఆ చలిలోనే గడ్డం గీసుకోవాలి. షేవింగ్ వేడి గొడవ వచ్చేది అప్పుడే.

అసలు వేడి ఎందుకు? ఇది సుకుమారం కాదు. గడ్డం వెంట్రుక పొడిగా ఉన్నప్పుడు గట్టిగా ఉంటుంది. నీళ్లు తాగితే ఉబ్బి మెత్తబడుతుంది. మెత్తబడ్డ వెంట్రుకని కోయడానికి బ్లేడు మీద పెట్టాల్సిన బలం బాగా తగ్గుతుంది. వెచ్చటి నీళ్లయితే వెంట్రుక ఆ నీటిని తొందరగా తీసుకుంటుంది, చర్మం మీది జిడ్డు కూడా వదులుతుంది. రెండు మూడు నిమిషాలు తడిగా, వెచ్చగా ఉంటే చాలు. నురగ చేసే పని ఆ తడిని ముఖం మీద పట్టి ఉంచడం, బ్లేడు జారేలా చూడటం. చల్లారి, ఆరిపోయి, చారలు కట్టిన నురగ ఈ రెండు పనులూ చెయ్యదు. గీతలు, మంటలు, మెడ మీద ఎర్రటి పొక్కులు అన్నీ అక్కడ మొదలవుతాయి.

ఇక నురగ ఎందుకంత తొందరగా చల్లారుతుంది? నురగలో ఉండేది ఎక్కువ భాగం గాలే. సబ్బు, నీళ్లు కలిపితే రెండు మూడు చెంచాలు కూడా ఉండవు. అంత కొంచెం నీటిలో దాచుకునే వేడి కూడా కొంచెమే. గిన్నె చల్లగా ఉంటే ఆ కాస్తనీ గిన్నె లాగేసుకుంటుంది. అందుకే మరిగిన నీళ్లతో నురగ చేసినా సరే, చల్లటి గిన్నెలో చేస్తే లాభం లేదు. కాఫీ పొయ్యక ముందు గ్లాసుని వేడినీళ్లతో తొలిపే అలవాటు ఉన్న ఇల్లాలికి ఈ సంగతి వేరే చెప్పాలా?

ఇప్పుడు మన ఇళ్లలో ఉండే గిన్నెలు ఒక్కొక్కటే చూద్దాం.

సిల్వర్ గిన్నె, అంటే అల్యూమినియం. తేలిక, చవక. పొయ్యి మీద గబుక్కున వేడెక్కుతుంది, దింపితే అంతే గబుక్కున చల్లారుతుంది. పైగా సబ్బులో ఉండే క్షారం అల్యూమినియానికి పడదు, గిన్నె నల్లబడుతుంది. దీన్ని పక్కన పెట్టేద్దాం.

స్టీలు గిన్నె. లోహాలన్నింటిలో స్టీలు వేడిని నెమ్మదిగా పంపే రకమే. అల్యూమినియంతో పోలిస్తే పదోవంతు కూడా పంపదు. కానీ మన చిన్న గిన్నెలు కాగితంలా పల్చగా ఉంటాయి. బరువు లేని గిన్నెలో వేడి నిలవ ఉండదు. ఒక గ్రాము నీళ్లని ఒక డిగ్రీ వేడెక్కించడానికి ఎంత వేడి కావాలో, ఒక గ్రాము స్టీలుకి అందులో సుమారు ఎనిమిదోవంతు చాలు. అంటే దాని కడుపు చిన్నది. తొందరగా నిండుతుంది, తొందరగా ఖాళీ అవుతుంది.

ఇత్తడి, కంచు. పాతకాలం క్షౌరం పొదిలో నీళ్ల కోసం చిన్న ఇత్తడి గిన్నె ఉండేది. చూడటానికి ముచ్చటే. మన పెంబర్తి ఇత్తడి పనితనం గురించి చెప్పేదేముంది. కానీ ఈ పనికి ఇత్తడి అంత మంచిది కాదు. స్టీలు కంటే ఎన్నో రెట్లు వేగంగా వేడిని బయటికి పంపుతుంది. సబ్బులో ఉండే కొవ్వు పదార్థం ఇత్తడిలోని రాగితో కలిసి పచ్చటి మరక కడుతుంది. రోజూ చింతపండు పెట్టి ఎవరు తోముతారు? మళ్లీ మనమే. కళాయి పెట్టిస్తే మరక రాదు గానీ, కళాయి పెట్టేవాళ్లు ఇప్పుడు వీధుల్లోకి వస్తున్నారా?

మట్టి గిన్నె. మట్టి అంటే ఈ మధ్య అందరికీ ప్రేమ పుట్టింది. కానీ కాస్త ఆలోచించండి. ఎండాకాలం కుండలో నీళ్లు ఎందుకు చల్లబడతాయి? మట్టి గోడలోంచి నీరు ఊరి, పైన ఆవిరైపోతూ లోపలి వేడిని పట్టుకుపోతుంది కాబట్టి. పూత లేని మట్టి ముంతలో నురగ పెట్టడం అంటే కుండలో కాఫీ పోసుకోవడమే. సబ్బు కూడా మట్టిలోకి ఇంకిపోయి కొన్నాళ్లకి వాసన వేస్తుంది.

సొరకాయ బుర్ర, కొబ్బరి చిప్ప. మా వైపు కోయ గూడేల్లో ఎండిన సొరకాయ బుర్రల్లో నీళ్లు, కల్లు పోసుకుని పనులకి తీసుకుపోవడం తరతరాలుగా ఉంది. ఇవి వేడిని అంత త్వరగా బయటికి పోనివ్వవు, చేతికి కాలవు, కిందపడినా పింగాణిలా పగలవు. నీళ్లకి, గంజికి బాగుంటాయి. రోజూ సబ్బునీళ్లు పడి, తడి బాత్రూంలో ఆరకుండా ఉంటే మాత్రం బూజు పడతాయి. ఎండలో పెట్టే ఓపిక ఉన్నవాళ్లు వాడొచ్చు.

ప్లాస్టిక్. మనం ఈసడించుకుంటాం గానీ, ఉన్న మాట చెప్పాలి. ప్లాస్టిక్ వేడిని లాక్కోదు. పల్చటి స్టీలు గిన్నె కంటే ఇందులో నురగ కాస్త ఎక్కువసేపే వెచ్చగా ఉంటుంది. కానీ వేడినీళ్లకి నాసిరకం ప్లాస్టిక్ మెత్తబడుతుంది, తేలిగ్గా ఉండి బ్రష్షు తిప్పుతుంటే గిన్నె కూడా గిర్రున తిరుగుతుంది.

పింగాణి కప్పు. మందంగా ఉన్న పింగాణి మంచి ఎంపికే. వేడిని నెమ్మదిగా తీసుకుంటుంది, నెమ్మదిగా వదులుతుంది. గ్రాముకి గ్రాము చూస్తే స్టీలు కంటే ఎక్కువ వేడి దాచుకుంటుంది. ముందు వేడినీళ్లు పోసి రెండు నిమిషాలు ఉంచి, పారబోసి, అప్పుడు నురగ చెయ్యాలి. పాత ఆవకాయ జాడీల్లో బుల్లివి ఉంటే వాటి గోడ మందం చూడండి, అలాంటిది కావాలి. దీనికున్న ఒకే ఒక్క లోపం, జారితే పగలడం. తడి నేల, సబ్బు చేతులు, కాళ్లకి చెప్పుల్లేకపోవడం, ఈ మూడూ ఒక్కచోట ఉండేది బాత్రూంలోనే.

చివరగా రాచిప్ప. దీని గురించి చెప్పకపోతే మా అత్తమ్మ ఊరుకోదు. రాచిప్పలో పులుసు పొయ్యి మీంచి దింపాక కూడా కాసేపు కుతకుతమంటూనే ఉంటుంది కదా. ఆ రాయి బరువే దాని బలం. అరకిలో బరువున్న చిన్న రాచిప్పని వేడి చేస్తే, అందులో ఇమిడే వేడి సుమారు ఒక టీ గ్లాసు వేడినీళ్లలో ఇమిడే వేడితో సమానం. ఒంటి గిన్నెల్లో దీన్ని మించింది లేదు.

కానీ ఆ లెక్కే ఇంకోలా చూడండి. అరకిలో రాయి చేసే పని ఒక్క టీ గ్లాసు నీళ్లు చేస్తున్నాయంటే, మనం రాయిని ఎందుకు మొయ్యాలి? మనకి తెలిసిన మామూలు వస్తువుల్లో బరువుకి తగ్గట్టు వేడిని దాచుకోవడంలో నీటికి సాటి వచ్చేది లేదు. కాబట్టి గిన్నె దేనితో చేశారన్నది రెండో ప్రశ్న. గిన్నె చుట్టూ వేడినీళ్లు ఉన్నాయా లేదా అన్నదే మొదటి ప్రశ్న.

పసిపిల్ల పాలు తొందరగా చల్లార్చాలంటే ఏం చేస్తాం? పాల గ్లాసుని చన్నీళ్ల గిన్నెలో పెడతాం. ఇది దానికి తిరగేసిన పని. పెద్ద గిన్నెలో వేడినీళ్లు, అందులో చిన్న గిన్నె, చిన్న గిన్నెలో నురగ. ఇంగ్లండు, అమెరికాల్లో 19వ శతాబ్దంలోనే దీనికోసం పక్కన వేడినీళ్లు పోసే మూతి ఉన్న ప్రత్యేకమైన మగ్గులు వాడారు. స్కటిల్ అంటారు. ఇప్పటికీ కొందరు కుమ్మరి కళాకారులు రెండు గోడల మధ్య నీళ్లు పోసేలా పింగాణి స్కటిళ్లు చేసి బాగా ధర పెట్టి అమ్ముతున్నారు. మనకి ఆ ఖర్చు అక్కర్లేదు. వంటగది అటక మీద ఉన్నవాటితో అయిపోతుంది.

బయటి గిన్నెకి, పిల్లల బడి డబ్బాల్లో పాతబడిపోయిన చిన్న హాట్‌బాక్స్ తీసుకోండి. మూత విరిగిపోయినా పర్లేదు. రెండు పొరల గోడ కాబట్టి లోపలి నీళ్ల వేడి బయటికి పోదు, పైన పట్టుకుంటే చెయ్యీ కాలదు. లోపలి గిన్నెకి, ఇందాక మనం తీసిపారేసిన పల్చటి స్టీలు గిన్నే తీసుకోండి. అవును, అదే. ఒంటరిగా ఉన్నప్పుడు దాని పల్చదనం లోపం. వేడినీళ్లలో కూర్చున్నప్పుడు ఆ పల్చదనమే సుగుణం. బయటి నీళ్ల వేడి ఆ గోడలోంచి తొందరగా నురగకి అందుతుంది. మందపాటి పింగాణి కప్పు పెడితే ఆ వేడి లోపలికి రావడానికే చాలాసేపు పడుతుంది. లోపలి గిన్నెకి వెడల్పు అంచు ఉండేలా చూసుకోండి, హాట్‌బాక్స్ అంచు మీద ఆనుకుని కదలకుండా కూర్చోవాలి. అంచు లేకపోతే నీళ్ల మీద తేలి పక్కకి ఒరుగుతుంది. మా ఇంట్లో ఈ జోడీ పదిహేను నిమిషాల పాటు నురగని చల్లారనివ్వదు. గడ్డానికి అంతకన్నా ఎక్కువ టైము తీసుకునే మగవాళ్లు మీ ఇంట్లో ఉంటే అది వేరే సంగతి.

బ్రష్షు గురించి కూడా నాలుగు మాటలు. బ్రష్షుని మరిగే నీళ్లలో వెయ్యకూడదు. కుచ్చు అడుగున అతికించిన జిగురు వదులై వెంట్రుకలు రాలతాయి. బయటి గిన్నెలోని వెచ్చటి నీళ్లలో, కుచ్చు మాత్రమే మునిగేలా రెండు నిమిషాలు నానబెడితే చాలు. పని అయ్యాక సబ్బు పోయేలా కడిగి, విదిలించి, గాలి తగిలేచోట ఆరబెట్టాలి. తడి బ్రష్షుని మూత ఉన్న డబ్బాలో పెడితే ముక్కవాసన వస్తుంది. ఇది పట్టింపు కాదు, ఆరోగ్యం సంగతి. మొదటి ప్రపంచ యుద్ధం రోజుల్లో సరిగ్గా శుభ్రం చెయ్యని గుర్రపు వెంట్రుకల బ్రష్షుల వల్ల సైనికులకీ మామూలు జనానికీ ఆంత్రాక్స్ సోకి కొందరు చనిపోయారు కూడా. ఇప్పుడు దొరికే నైలాన్ బ్రష్షులతో ఆ భయం లేదు. కానీ ఒకరి బ్లేడు ఇంకొకరు వాడితే హెపటైటిస్-బి లాంటివి రక్తం ద్వారా అంటుకునే ప్రమాదం ఇప్పటికీ ఉంది. తండ్రి రేజరే కొడుకు, అన్న రేజరే తమ్ముడు వాడే ఇళ్లు చాలా ఉన్నాయి. గిన్నె ఉమ్మడిగా ఉండొచ్చు, బ్లేడు ఉండకూడదు.

ఇంకో హెచ్చరిక. మగ్గులోనో గిన్నెలోనో హీటర్ రాడ్ పెట్టి నీళ్లు కాచుకునే అలవాటు మా వైపు బాగా ఉంది. తడి చేత్తో, స్విచ్ ఆపకుండా ఆ నీళ్లలో వేలు పెట్టి చూస్తే ప్రాణం పోతుంది. షేవింగ్‌కి కావాల్సింది రెండు మూడు గ్లాసుల నీళ్లు, దానికి పొయ్యి చాలు.

ఇంతసేపూ గిన్నె గురించి ఇంత పట్టుదలగా ఎందుకు రాస్తున్నానంటే, ఆఫీసుకి పోయే మగవాళ్ల కోసం కాదు. వాళ్ల ముఖాలు చన్నీళ్లకి కూడా తట్టుకుంటాయి. ఈ గిన్నె నిజంగా అవసరమయ్యేది తన గడ్డం తను గీసుకోలేని మనిషికి.

మా మామయ్యకి పక్షవాతం వచ్చి మూడేళ్లు అయింది. ఎడమ పక్క చెయ్యి, కాలు, బుగ్గ స్వాధీనంలో లేవు. అంతకుముందు ఆయన రోజు విడిచి రోజు గడ్డం గీసుకుని, మీసం దువ్వుకుని గానీ గడప దాటేవాడు కాదు. మంచం పట్టాక మొదటి నెల ఎవరికీ ఆ ధ్యాసే లేదు. గడ్డం పెరిగిపోయింది. చూడటానికి వచ్చినవాళ్లంతా "అయ్యో, ఎలాంటి మనిషి ఎలా అయిపోయాడు" అని ఆయన ఎదురుగానే అనేవాళ్లు. మాట రాకపోయినా వినపడుతుంది కదా. తల గోడవైపు తిప్పుకునేవాడు. మా ఆయన డ్యూటీకి పొద్దున్నే వెళ్లిపోతాడు, బార్బర్ అబ్బాయి వారానికి ఒకసారి ఇంటికి వచ్చేవాడు, వీలు కాకపోతే అదీ లేదు. చివరికి మా అత్తమ్మా, నేనూ ఆ పని నేర్చుకున్నాం.

కోడలు మామకి గడ్డం గీయడమేంటని చెవులు కొరుక్కున్నవాళ్లు ఉన్నారు. అన్నం తినిపించొచ్చు, పక్క బట్టలు మార్చొచ్చు, గడ్డం మాత్రం గీయకూడదా? ఆ మాటకి నేను విలువ ఇవ్వలేదు. మా అత్తమ్మ అసలే ఇవ్వలేదు.

చలికాలంలో నురగ చల్లారిన బ్రష్షు బుగ్గకి తగిలితే ఆయన ఒక్కసారిగా ఉలిక్కిపడేవాడు. బ్లేడు చేతిలో ఉన్న మనిషికి ఆ ఉలికిపాటు ఎంత భయమో చెప్పలేను. రెండు గిన్నెల జోడీ మా ఇంట్లోకి వచ్చింది అప్పుడే. వెచ్చటి నురగ తగిలితే ఆయన కళ్లు మూసుకుంటాడు, మెడ వదులు చేస్తాడు. మాట లేని మనిషి బాగుందని చెప్పే పద్ధతి అది.

మీ ఇంట్లో కూడా ఇలాంటి పెద్దవాళ్లుంటే నాకు తెలిసిన నాలుగు సంగతులు చెబుతాను. పక్షవాతం వచ్చిన పక్కన, చాలాకాలంగా షుగరు ఉన్నవాళ్ల కాళ్లూ చేతుల్లో స్పర్శ తగ్గి ఉండొచ్చు. వేడి ఎక్కువైనా వాళ్లకి తెలియదు, చెప్పలేరు. అందుకే గిన్నెలో నీళ్లు కాలేంత వేడి వద్దు. ఒక గ్లాసు మరిగే నీళ్లకి రెండు గ్లాసుల చన్నీళ్లు కలిపితే, చలికాలం 20 డిగ్రీల నీళ్లు అనుకుంటే, సుమారు 47 డిగ్రీలకి వస్తుంది. ఎండాకాలం నీళ్లే వేడిగా ఉంటాయి కాబట్టి చన్నీళ్లు ఇంకాస్త పొయ్యాలి. లెక్క ఎలా ఉన్నా, పసిపిల్లకి నీళ్లు పోసేముందు చూసినట్టు నురగని మన మోచేతి లోపలి వైపు పెట్టి చూసుకున్నాకే వాళ్ల ముఖానికి పెట్టాలి. నీళ్ల గిన్నెని మంచం మీద పెట్టకూడదు, పక్కన స్టూలు మీద, వాళ్ల చెయ్యి తగలనంత దూరంలో ఉంచాలి. ఏ బుగ్గ వైపు వస్తున్నామో ముందే చెప్పాలి. జవాబు రాకపోయినా చెప్పాలి.

పక్షవాతానికి, గుండెకి రక్తం పల్చబడే మందులు వాడుతుంటే చిన్న గాటుకి కూడా రక్తం తొందరగా ఆగదు. అలాంటివాళ్లకి బ్లేడు బదులు ట్రిమ్మరో, ఎలక్ట్రిక్ రేజరో వాడమంటారు డాక్టర్లు. ముందు అడిగి తెలుసుకోండి. మా మామయ్యకి మేం ఇప్పుడు ట్రిమ్మరే వాడుతున్నాం. మరి నురగ ఎందుకు అంటారా? ముందు వెచ్చటి గుడ్డతో తుడిచి, బ్రష్షుతో నురగ పెట్టి, కాసేపు ఉంచి, తుడిచేసి, ముఖం పూర్తిగా ఆరాక ట్రిమ్మర్ పెడతాం. నురగ లేకుండా కూడా పని అవుతుంది. కానీ ఆయనకి గడ్డం గీసుకోవడం అంటే బ్రష్షు, నురగ, సబ్బు వాసన. అవి తీసేస్తే మిగిలేది గొర్రెకి ఉన్ని కత్తిరించడమే.

ఇంత రాద్ధాంతం ఎందుకు, డబ్బా నొక్కితే నురగ వచ్చే ఫోములు ఉన్నాయి కదా అంటారు కొందరు. ఉన్నాయి. ఆ నురగ డబ్బాలోంచి చల్లగానే వస్తుంది. గ్యాసు నింపిన డబ్బా కాబట్టి వేడి చెయ్యడానికీ వీల్లేదు, వేడి చేస్తే పేలుతుంది. నెలకి ఒకటి కొనాలి, అయిపోయాక ఆ డబ్బా చెత్తలోకి పోవాలి. గుండ్రటి సబ్బు బిళ్లో, క్రీము ట్యూబో అయితే బఠాణీ గింజంత చాలు, నెలలు వస్తుంది. ఇప్పుడు కుర్రాళ్లంతా గడ్డాలే పెంచుతున్నారు కదా అని ఇంకొందరు అంటారు. పెంచుకోనివ్వండి. పెంచిన గడ్డానికి అంచులు తీర్చుకోవడానికీ మెడ గీసుకోవడానికీ ఈ గిన్నె అవసరమే. పైగా గడ్డం పెంచాలో తియ్యాలో వాళ్ల ఇష్టం. మంచం మీదున్న పెద్దాయనకి ఆ ఇష్టం ఉంచాలా వద్దా అన్నది మన చేతిలో ఉంది.

ఇక మొదట్లో చెబుతానన్న రెండో మాట. గిన్నె మనం ఎంచుదాం. ఎలా వాడాలో ఒక్కసారి చూపిద్దాం. ఆ తర్వాత అందులో నీళ్లు పోసుకోవాల్సింది ఎవరి గడ్డమో వాళ్లే.

మా మండలంలోనూ పక్క మణుగూరు మండలంలోనూ విస్తరించిన భద్రాద్రి థర్మల్ కేంద్రం 1080 మెగావాట్లది. బొగ్గు మాదే, నీళ్లు మా గోదావరివే. అంత వేడి పుట్టే చోట, ఒక మగవాడి గడ్డానికి మూడు గ్లాసుల నీళ్లు వెచ్చబెట్టడానికి మాత్రం ఇంకో మనిషి నిద్ర లేవాలా? మా అత్తమ్మ పెళ్లయిన నాటి నుంచి మామయ్య మంచం పట్టేదాకా ఆ నీళ్లు కాచింది. కట్టెల పొయ్యి మీద కాచింది, కిరోసిన్ స్టవ్ మీద కాచింది, గ్యాసు మీద కాచింది. పొయ్యి మారింది గానీ కాచే చెయ్యి మారలేదు. మొదటిసారి తెచ్చినవి చల్లారితే రెండోసారి, చివర్లో ముఖం కడుక్కోవడానికి మూడోసారి. అదేమంత పెద్ద పనా అంటారు. కాదు. ఒక్కరోజుకి కాదు. అలాంటి చిన్న పనులు ఇరవై కలిస్తే ఒక ఆడమనిషి పొద్దంతా అయిపోతుంది, సాయంత్రం ఏం చేశావని అడిగితే చెప్పడానికి ఒక్కటీ ఉండదు.

చేతకానివాళ్లకి చెయ్యడం వేరు, చేతనైనవాళ్లకి చెయ్యడం వేరు. మా మామయ్యకి నురగ పట్టినప్పుడు నాకు అది చాకిరీ అనిపించదు. రెండు చేతులూ బాగున్న మనిషి అద్దం ముందు నిలబడి "నీళ్లేవీ" అన్నప్పుడు అనిపిస్తుంది. ఈ రెంటినీ ఒకే సేవ అనే పేరు పెట్టి కలిపేస్తారు. నిజంగా అవసరం ఉన్నవాళ్ల కోసం మన ఓపిక మిగలాలంటే, అవసరం లేనివాళ్ల దగ్గర దాన్ని ఖర్చు పెట్టకూడదు.

మా ఆయన మొదట్లో నవ్వాడు, తర్వాత కాస్త గునిసాడు, ఇప్పుడు రాత్రి పడుకునేముందే హాట్‌బాక్స్ కడిగి పొయ్యి పక్కన పెట్టుకుంటున్నాడు. ఆదివారాలు మామయ్య గడ్డం కూడా ఆయనదే. ఇంటర్ చదివే మా వాడికి ఈ మధ్యే నూనూగు మీసాలు మొదలయ్యాయి. వాడికి వాళ్ల నాన్న బ్లేడు పట్టుకోవడం నేర్పే ముందు నేను నీళ్లు కలపడం నేర్పాను. ఒకటికి రెండు, మోచేయి పెట్టి చూడు, బ్రష్షు కుచ్చు దాకే ముంచు, పని అయ్యాక గిన్నె నువ్వే కడుగు. పోయిన వారం తాతయ్యకి నురగ వాడే పట్టాడు. చెవి దాకా, ముక్కు మీదకి కూడా పూశాడు. మా మామయ్య కుడి పక్క పెదవితో నవ్వాడు.

మీ అటక మీద కూడా మూత విరిగిన హాట్‌బాక్స్ ఒకటి ఉండే ఉంటుంది. ఈ చలికాలం లోపు దాన్ని కిందకి దింపండి. వెడల్పు అంచున్న స్టీలు గిన్నె ఒకటి సరిపోతుందేమో పెట్టి చూడండి. సరిపోతే ఆ రెంటినీ బాత్రూంలో పెట్టి, నీళ్లు ఎలా కలపాలో ఒక్కసారి చెప్పి, మర్నాడు పొద్దున ఓ అరగంట ఎక్కువ పడుకోండి. పిలుపు వస్తుంది. లేవకండి.